చూస్తున్నవారు ఇద్దరు

ఎక్కడ ఆగాం మనం? ఆ, స్నానాలగది గుమ్మంలో.

లారీలు తూచే కాటాలో పనిచేసే ఒక మనిషి ఉదయాన్నే డ్యూటీకని బయల్దేరి అటు కాటాకీ చేరలేదు, ఇటు ఇంటికీ తిరిగిరాలేదు. నెలలు గడుస్తున్నాయి, ఫోను స్విచ్చాఫ్. పోలీసులు చెప్పినదంతా రాసుకుని, వెతుకుతున్నాం వెళ్ళిరండమ్మా అన్నారు. ఆ దిగులు చాలదన్నట్టు ఈమధ్య ఇంట్లో సామాను తనంతట తను కదలడం మొదలుపెట్టింది. అతని భార్య, అంటే కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే మన చిన్నకోడలు, సాయంత్రం వచ్చేసరికి బీరువాలో మడతలు చెదిరి ఉండేవి, మంచం కింది పెట్టె ఇంకోవైపుకి తిరిగి ఉండేది. పోయినది మాత్రం ఒక్క గుండుసూది కూడా లేదు. అత్తగారు పాపని బడి నుంచి తీసుకురావడానికి వెళ్ళే ఆ కాసేపే ఇల్లు ఖాళీగా ఉంటుంది. ఆ కాసేపట్లోనే ఎవరో వస్తున్నారు. కిందటివారం మనం ఆవిణ్ణి వదిలేసరికి, మగవాళ్ళెవరూ లేని ఆ కింది వాటాలో, గచ్చు మీద తడి ఆరని ఒక మగవాడి బూటు గుర్తు చూసి, కేక గొంతుకి అడ్డుపడి నిలబడి ఉంది.

ఆ కేక ఎట్టకేలకు బయటపడింది. మేడ మీది వాటాలోంచి బావగారు, అంటే ఆవిడ భర్తకి అన్నగారు, రెండేసి మెట్లు దూకుతూ దిగివచ్చారు. ఆయనది ఇనుము వ్యాపారం. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. తమ్ముడు కనబడకుండా పోయినప్పటినుంచి ఈ ఇంటికి పెద్దదిక్కు ఆయనే. గుర్తు చూశారు, నొసలు ముడిచారు, తుడిచెయ్యమన్నారు.

"పోలీసులకి చూపించొద్దా బావగారూ?"

"ఏం చూపిస్తావమ్మా, వాళ్ళొచ్చేలోగా ఆరిపోతుంది. ఇలా కాదు గానీ, కెమెరాలు పెట్టిద్దాం."

అలా అడుగుపెట్టాడు ఆ ఇంట్లో డ్రిల్లు. కెమెరాలు బిగించే అతనికి కన్నవాళ్ళు ఏదో మంచి పేరే పెట్టి ఉంటారు గానీ, ఏ ఇంటికి వెళ్ళినా ముందు డ్రిల్లు మెషీను బయటికి తీసి ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు కాబట్టి అందరూ కలిసి ఆ పేరే ఖాయం చేసేశారు.

"పెట్టె ఉన్న రకం కావాలా మేడమ్, లేని రకం కావాలా?" అన్నాడు కెమెరాలు బల్ల మీద పరుస్తూ. "పెట్టె ఉంటే వైర్లు లాగాలి. వీడియోలన్నీ ఆ పెట్టెలోనే ఉంటాయి. దొంగ తెలివైనవాడైతే దాన్ని కూడా చంకలో పెట్టుకుని పోతాడు. లేని రకమైతే వైఫై మీద నడుస్తుంది, మీరు షాపులో ఉన్నా ఫోన్లో చూసుకోవచ్చు. కాకపోతే వైఫై పోయిందా, కళ్ళున్నా గుడ్డిదే."

"ఎర్ర లైటు వెలిగే ఉత్త డొల్లవి కూడా ఉంటాయటగా?" అన్నారు అత్తగారు. "అది తగిలిస్తే సరిపోదూ? లోపల ఏమీ లేదని దొంగకేం తెలుస్తుంది?"

"దొంగకి తెలీదు అమ్మగారూ. దొంగెవడో మీకూ తెలీదు."

అత్తగారు మూతి తిప్పుకున్నారు. చిన్నకోడలు మాత్రం ఒక్కో కెమెరానీ చేతిలోకి తీసుకుని, షాపులో కళ్ళజోడు చూసినట్టే వెలుతురుకి ఎత్తి అద్దం చూసింది.

"గేటు దగ్గర ఎవరో మనిషి ఉన్నాడని తెలిస్తే నాకు చాలదు. ఏ మనిషో తెలియాలి" అంది.

"అయితే ఇది తీసుకోండి. కానీ మీ బావగారు చెప్పినంత ఎత్తులో పెడితే నడినెత్తులు తప్ప మొహాలు కనబడవు. కిందికి దించుదాం. ఎండ ఎదురుపడినా మొహం నల్లగా వస్తుంది, అందుకని కాస్త పక్కకి."

గేటుకి ఒకటి అలా బిగించి, హాల్లో టీవీ పైన చెక్క మీద తల తిప్పే రకం పెట్టాడు. తెల్లగా, గుండ్రంగా, కోడిగుడ్డుకి కన్ను మొలిచినట్టుంది అది. ఫోన్లో వేలు ఎటు లాగితే అటు తల తిప్పుతుంది.

"దీనికి చెవులూ ఉన్నాయి, నోరూ ఉంది మేడమ్. ఇంట్లో మాట ఫోన్లో వినిపిస్తుంది, ఫోన్లో మాట్లాడితే ఇంట్లో వినిపిస్తుంది. ఇదిగో, ఇక్కడ కన్ను బొమ్మ పక్కన అంకె చూశారా? చూస్తున్నవారు అని ఉంది. ఈ నిమిషాన ఎన్ని ఫోన్లలో చూస్తున్నారో అదీ లెక్క. మీ ఫోన్ మీదే పెట్టాను కాబట్టి పాస్‌వర్డు మార్చాలన్నా మీరే మార్చాలి. కడుపులో పెట్టుకోండి, ఎవరికీ చెప్పకండి."

అంతగా చెప్పి అతను గేటు దాటాడో లేదో, చిన్నకోడలి పక్కనే నిలబడి చూసిన బావగారు ఆ పాస్‌వర్డును కుటుంబం గ్రూపులో పెట్టేశారు.

"అయ్యో, అదేంటి బావగారూ!"

"మనవాళ్ళ దగ్గర మనకి దాపరికం ఏంటమ్మా? నువ్వు షాపులో ఉంటావు, నేను గోడౌన్లో ఉంటాను. పదిమంది కళ్ళూ ఉంటే ఇంటికే మంచిది."

కుటుంబమంటే చిన్నదా మరి! పిన్నత్తలూ, బాబాయిలూ, మేనత్త కూతుళ్ళూ, వాళ్ళ మొగుళ్ళూ. ఆ మర్నాటి నుంచి మొదలైంది చూడండి సంబరం. "గేటు దగ్గర పిల్లి తిరుగుతోంది అమ్మాయ్" అని ఒకరు. "పాపకి ఆ గౌను బిగుతైపోయిందే" అని ఇంకొకరు. "కిటికీ అద్దాలు తుడిచి ఎన్నాళ్ళయిందే?" అని పిన్నత్తగారు పొద్దున్నే ఫోను. దొంగ సంగతి దేవుడెరుగు, ఇల్లాలికి సొంత హాల్లో జుట్టు విరబోసుకుని నిలబడే వీల్లేకుండా పోయింది. ఆఖరికి సిగ్గు విడిచి, మీ అందరికీ దండం పెడతాను, మీ ఫోన్లలోంచి తీసేయండి అని గ్రూపులోనే అడిగింది. అందరూ కాస్త మొహాలు మాడ్చుకున్నా తీసేశామన్నారు. బావగారు కూడా తీసేశానన్నారు.

ఇదంతా అయిపోయిన సంగతి. అసలు సంగతి ఈరోజు మధ్యాహ్నం జరిగింది.

షాపుకి సెలవు. పాప లోపలి గదిలో బొమ్మలు వేసుకుంటోంది. చిన్నకోడలు సోఫాలో చేరగిలబడి, ఊరికే గేటు చూద్దామని ఫోను తెరిచింది. గేటు ఖాళీ. హాలు నొక్కితే సోఫాలో తనే కనిపించింది. కన్ను బొమ్మ పక్కన అంకె మీద చూపు పడింది. చూస్తున్నవారు: ఇద్దరు.

ఒకరు తను. మరి రెండోవారు?

పిన్నత్తగారే అయి ఉంటారని నవ్వుకుంటూ ఫోను చేసింది.

"నాకెందుకమ్మా నీ ఇల్లు? తీసేయమన్నావు, తీసేశాను. నా మాట మీద అంత నమ్మకం లేకపోతే ఎలా?" అని ఆవిడ కయ్యిమన్నారు. అంకె మారలేదు. బాబాయిగారు బస్సులో ఉన్నారు. మేనత్త కూతురు పిల్లాడికి స్నానం చేయిస్తోంది. దాని మొగుడు ఆఫీసులో మీటింగులో ఉన్నాడు. ఒక్కొక్కరినీ అడుగుతూ పోయింది, నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తనకే తెలియలేదు. ప్రతి ఫోను తర్వాతా తిరిగి చూస్తే అదే అంకె. మేడ మీది బావగారు తప్ప గ్రూపులో ఇక అడగాల్సినవారెవరూ మిగల్లేదు. టీవీ పైన ఆ తెల్లటి తల కదలకుండా తనవైపే చూస్తోంది.

లోపల మంచం మీద నడుం వాల్చిన అత్తగారు ఆవలిస్తూ అన్నారు: "ఇంతమందికి ఫోన్లు చేశావు. వాడికి చేశావా?"

"ఎవరికి అత్తయ్యా?"

"ఎవరికేంటే. నా చిన్నకొడుక్కి."

ఆవిడ అటు తిరిగి పడుకున్నారు. నొప్పుల మాత్ర వేసుకున్నారేమో, గురక కూడా మొదలైంది. చిన్నకోడలికి మాత్రం కాళ్ళకింద నేల కదిలినట్టయింది. నిజమే. ఆయన నంబరు ఇంకా గ్రూపులోనే ఉంది. పోయిన నెల బాబాయిగారు తీసేద్దామంటే, "నా కొడుకు నంబరు తీస్తే నన్నూ తీసెయ్యండి" అని అత్తగారు రాద్ధాంతం చేశారు. ఆ తర్వాత ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ నంబరు అక్కడుందని కూడా అందరూ మర్చిపోయారు. బావగారు పాస్‌వర్డు పెట్టింది ఆ గ్రూపులోనే.

భర్త నంబరు నొక్కింది. రోజూ వినే మాటే, స్విచ్చాఫ్. డ్రిల్లుకి చేసింది.

"ఫోను స్విచ్చాఫ్‌లో ఉంటే కెమెరా చూడలేరు కదయ్యా?"

"సిమ్ తీసేసినా స్విచ్చాఫ్ అనే చెబుతుంది మేడమ్. ఎక్కడో ఒకచోట వైఫై దొరికితే చాలు, గ్రూపులూ చూడొచ్చు, కెమెరా కూడా చూడొచ్చు. ఏమైంది?"

"ఏం లేదు" అని పెట్టేసింది.

అంతలో బావగారే దిగివచ్చారు. పిన్నత్తగారు ఫోను చేసి తిట్టారట. ఎవరు చూస్తున్నారని గోల చేస్తున్నావటగా, ఏంటమ్మా అని అడిగారు. కడుపులో దాచుకునే శక్తి లేక ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పేసింది. వింటున్నకొద్దీ ఆయన మొహంలో రక్తం తగ్గిపోయింది.

"మార్చెయ్ పాస్‌వర్డు. ఇప్పుడే."

"ఆయనే అయితే?"

"పిచ్చిదానిలా మాట్లాడకు. వాడే అయితే ఒక్క ఫోను చెయ్యడూ? తల్లితో ఒక్క మాట మాట్లాడడూ? ఆ ఫోను ఎవడి చేతిలో పడిందో! నువ్వు ఎప్పుడు బయటికెళ్తావో, అమ్మ ఎప్పుడు బడికెళ్తుందో, పాప ఎక్కడ పడుకుంటుందో అన్నీ చూస్తున్నాడు వాడెవడో. ఇంట్లోకి వచ్చి సామాను కెలికేది కూడా వాడేనేమో. చిన్నపిల్ల ఉన్న ఇల్లమ్మా ఇది!"

ఆ చివరి మాట గుచ్చుకుంది. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? ఎవడో ముక్కూ మొహం తెలియనివాడు పాపని చూస్తున్నాడన్న ఆలోచనకే ఒళ్ళు జలదరించింది. మార్చేస్తే ఈ భయం పోతుంది. కానీ ఆయనే అయితే, ఇన్ని నెలల తర్వాత దొరికిన ఒక్క ఆనవాలునీ తన చేతులతోనే చెరిపేసినట్టవుతుంది. మళ్ళీ దొరుకుతారో లేదో.

"సాయంత్రం దాకా ఆగండి బావగారూ."

"ఇటివ్వు ఫోను." ఆయన చెయ్యి చాచారు.

ఆయన అడిగితే ఈ ఇంట్లో కాదన్నవాళ్ళు లేరు. అలాంటిది, చిన్నకోడలు ఫోను వీపు వెనక్కి దాచేసుకుంది. తనే ఆశ్చర్యపోయింది. ఆయన చెయ్యి కాసేపు గాల్లోనే ఉండిపోయింది. తర్వాత మెల్లగా నవ్వారు.

"సరే, నీ ఇష్టం. సాయంత్రం డ్రిల్లుని నేనే తీసుకొస్తా, దగ్గరుండి మార్పిద్దాం. ఇదిగో చూడు, నా ఫోన్లో అయితే లేదు." తెర ఆవిడ మొహం ముందు పెట్టి చూపించారు. నిజంగానే లేదు. మెట్లెక్కి వెళ్ళిపోయారు.

చిన్నకోడలు లోపలి గదిలోకి తొంగిచూసింది. అత్తగారు నిద్రలో ఉన్నారు, పాప రంగు పెన్సిళ్ళ మధ్య బోర్లా పడుకుని కాళ్ళాడిస్తోంది. తలుపు దగ్గరగా వేసి హాల్లోకి వచ్చి కెమెరా ఎదుట నిలబడింది. అంకె ఇంకా రెండే.

"ఏమండీ" అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. ప్లాస్టిక్ గుడ్డుతో మాట్లాడుతున్నానేంటి, మతిపోయిందా అనుకుంది. "మీరేనా? మాట్లాడకండి, మీ పక్కన ఎవరైనా ఉన్నారేమో. మీరైతే దీని తల కిందికీ పైకీ ఊపండి."

ఏమీ జరగలేదు. అప్పుడు జిర్రుమని సన్నటి చప్పుడైంది. తెల్లటి తల మెల్లగా కిందికి దిగింది, పైకి లేచింది.

చిన్నకోడలు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషం కంటే ముందు భయమే వచ్చింది. తల ఊపడానికేం, ఎవడైనా ఊపుతాడు. బావగారు చెప్పిన ఆ ఎవడో కూడా ఊపుతాడు.

"నేను నమ్మను. ఒక్కటి అడుగుతాను, అది చెప్పండి. కాపురానికి వచ్చిన కొత్తలో అలిగితే నేను ఎక్కడికెళ్ళి కూర్చునేదాన్ని?"

ఈ సంగతి అత్తగారికి తెలియదు. బావగారికి తెలియదు. తోబుట్టువులకి కూడా సిగ్గుపడి చెప్పలేదు. ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య సందులో దూరి మోకాళ్ళు ముడుచుకుని కూర్చునేది. ఆయన రెండు కప్పుల టీ పట్టుకొచ్చి సందు ముందు బాసింపట్టు వేసుకుని, తన టీ తాగేసి, ఇక నీదీ తాగేస్తున్నా చూసుకో అని బెదిరించేవాడు. సగం తాగేవాడు కూడా.

కెమెరా తల తిరగడం మొదలుపెట్టింది. సోఫా మీదుగా పోయింది, ఆగలేదు. కిటికీ దగ్గర ఆగినట్టే ఆగింది. చిన్నకోడలి ప్రాణం ఉసూరుమంది. మళ్ళీ కదిలింది. వంటింటి గుమ్మం దాటి ఫ్రిజ్ దగ్గరికి వచ్చింది. అక్కడినుంచి ఇంకాస్త పక్కకి జరిగి, కిందికి, గచ్చు దాకా వంగి, ఆ సందులోకి చూస్తూ నిలిచిపోయింది.

నేల మీద కూలబడిపోయింది చిన్నకోడలు. పమిటచెంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు బయటికి రాకుండా ఏడ్చింది. బతికే ఉన్నాడు. ఎక్కడో ఒక మూల ఫోను పట్టుకుని, మాట్లాడే వీలు లేక, రోజూ తమని చూస్తూ బతికే ఉన్నాడు. ఇంత ఏడుపులోనూ, ఇన్నాళ్ళూ ఈ నలిగిన బట్టల్లో చూశాడు కాబోలు నన్ను అని ఒక వెర్రి ఆలోచన కూడా వచ్చింది.

"ఇంటికి వచ్చెయ్యండి" అంది, కళ్ళు తుడుచుకోకుండానే. "వస్తారా?"

తల ఎడమకీ కుడికీ తిరిగింది.

"ఎవరైనా రానివ్వట్లేదా?"

కిందికీ పైకీ.

"బాగున్నారా?"

ఈసారి తల ఎటూ కదల్లేదు. ఆవిడ ఆ ప్రశ్న మళ్ళీ అడగలేకపోయింది. పాప గదివైపు చూసింది. అడగాల్సింది ఇంకొకటుంది.

"ఇక్కడ మాకేమైనా... పాపకి, నాకు... ఏదైనా ప్రమాదం ఉందా?"

కిందికీ పైకీ. మళ్ళీ కిందికీ పైకీ. మళ్ళీ. ఆగకుండా, గబగబా, మోటారు కీచుమనేలా.

లేచి కెమెరాకి బాగా దగ్గరగా వెళ్ళి, పెదవులు దానికి ఆనించినంత పనిచేసి అడిగింది.

"బయటివాళ్ళ వల్లనా?"

ఎడమకీ కుడికీ.

"మరి... ఇంట్లోవాళ్ళా?"

తల కిందికి దిగబోయింది. దిగబోయి, మధ్యలోనే ఆగిపోయింది. ఆ తర్వాత చివాల్న తిరిగింది. ఆవిణ్ణి దాటి, హాలంతా దాటి, మూలకి పోయి సున్నం గోడకి మొహం పెట్టుకుని ఉండిపోయింది.

"ఏమండీ? ఏమైంది? ఇటు తిరగండి!"

తిరగలేదు. ఆవిడ చేతిలోని ఫోను వైపు చూసింది. తెర నిండా తెల్లటి గోడ. పైన కన్ను బొమ్మ పక్కన అంకె మారింది.

చూస్తున్నవారు: ముగ్గురు.

అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఆయన తన నుంచి మొహం తిప్పుకోలేదు. ఎవరో మూడో మనిషి లోపలికి వచ్చాడు, ఆ మనిషికి తను కనబడకుండా అడ్డుపడ్డాడు. ఎక్కడున్నాడో తెలియని మనిషి, ఒక్క వేలితో చెయ్యగలిగిందల్లా అదొక్కటే. కానీ మాట? దీనికి చెవులున్నాయని డ్రిల్లు చెప్పలేదూ! ఇటు తిరగండి అని తను పెట్టిన కేక ఆ మూడో ఫోన్లో ఖంగుమని వినబడే ఉంటుంది.

పైన మేడ మీద తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

చెప్పులు మెట్లు దిగుతున్నాయి. బూటు గుర్తు చూసినరోజున రెండేసి మెట్లు దూకిన మనిషి, ఇప్పుడు ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. చిన్నకోడలు ఒక్క ఉరుకున వీధి తలుపు దగ్గరికి పోయి పైగడియా కిందిగడియా బిగించి, తలుపుకి వీపు ఆనించి నిలబడింది. ఈ ఇంటికి వచ్చాక బావగారి మొహాన తలుపు వెయ్యడం ఇదే మొదలు. లోపలి గదిలోంచి పాప ఏదో పాట కూనిరాగం తీస్తోంది. దాన్ని పాడొద్దని చెప్పాలన్నా తలుపు వదిలి వెళ్ళే ధైర్యం లేదు.

అడుగులు తలుపు అవతల ఆగాయి. తట్టలేదు, నెట్టలేదు. చెక్కకి అవతల మనిషి ఊపిరి తీసుకుంటున్న చప్పుడు మాత్రం వినబడింది.

"అమ్మాయ్" అన్నారు బావగారు, నిద్రపోతున్న వాళ్ళని లేపకూడదన్నట్టు చాలా నెమ్మదిగా. "తలుపు తియ్యమ్మా."

ఆవిడ పలకలేదు. పలకకపోతే తను ఇంట్లో లేననుకుంటారని చంటిపిల్లలా ఆశపడింది. తమ్ముడు బతికున్నాడని ఇప్పుడే చెవులారా విన్న అన్న, తలుపు విరగ్గొట్టుకుని లోపలికి రావాలి. అమ్మా అని కేకేస్తూ తల్లిని లేపాలి. ఏడవాలి. ఆ గొంతులో అవేవీ లేవు. కాస్త విసుగు మాత్రం ఉంది, చెప్పిన పని చెప్పినట్టు చెయ్యని నౌకరు మీద యజమానికి ఉండేలాంటి విసుగు.

"వాడింకా ఆ ఫోను పారెయ్యలేదా?"